కాకినాడ ప్రయోగం: ప్రేరణ, నిర్ణయాధికారం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులో ఇచ్చిన సాధనాప్రేరణ శిక్షణ, పని మనస్తత్వశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధమైన క్షేత్రప్రయోగం. ‘ప్రేరణను పెద్దవయసులోనూ నేర్పవచ్చు’ అన్నదే దాని సారమని పాఠ్యగ్రంథాలు చెబుతూ వచ్చాయి. ఆ ఫలితానికి ఒక షరతు కూడా ఉంది. తన పనిపై తానే నిర్ణయం తీసుకోగల అధికారం ఉన్నవారిలోనే శిక్షణ బాగా ఫలించింది. ఈ షరతు తరువాతి కాలంలో ఎలా మరుగునపడిందో, దాన్ని గుర్తుచేసుకోవలసిన అవసరమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘ప్రేరణ’, ‘ఉద్యోగం’ అన్న రెండు తెలుగు మాటల అర్థచరిత్రను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: సాధనాప్రేరణ, కాకినాడ, మెక్‌క్లెలాండ్, నిర్ణయాధికారం, నాయకత్వం, ఉద్యోగం.

1. ప్రవేశిక

మనిషిని పనికి పురికొల్పేది ఏది? అవసరమా, భయమా, అలవాటా, పట్టుదలా? నీతిశాస్త్రాలు, కావ్యాలు, సామెతలు ఈ ప్రశ్నకు తమతమ రీతుల్లో సమాధానాలు చెప్పాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఇది కొలతకు, ప్రయోగానికి లొంగే శాస్త్రవిషయంగా మారింది. ఆ శాస్త్రచరిత్రలో అధికభాగం అమెరికా కర్మాగారాల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ నడిచినా, ఒక ముఖ్యమైన అధ్యాయం మాత్రం గోదావరి డెల్టాలో జరిగింది. నిర్వహణశాస్త్ర పాఠ్యగ్రంథాలు దాన్ని ‘కాకినాడ ప్రయోగం’ అని ఒకటి రెండు పేరాల్లో పేర్కొంటాయి. తెలుగునాట జరిగిన ఈ ప్రయోగాన్ని తెలుగులో విమర్శనాత్మకంగా పరిశీలించడం అవసరం.

2. సిద్ధాంత నేపథ్యం

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1904–05లో ప్రచురించిన తన ప్రసిద్ధ రచనలో, ప్రొటెస్టెంట్ మతనైతికతకూ ఆధునిక పెట్టుబడిదారీ ప్రవృత్తికీ గల సంబంధాన్ని ప్రతిపాదించాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ ఈ ప్రతిపాదనను వ్యక్తి మనసులోకి మళ్లించాడు. మతం, కుటుంబం, పెంపకం కలిసి పిల్లల్లో ఒక ప్రత్యేకమైన కోరికను నాటుతాయనీ, పనిని మునుపటికంటే మెరుగ్గా చేయాలన్న ఆ కోరికే ఆర్థికాభివృద్ధికి మూలమనీ ఆయన వాదించాడు. దానికి సాధనాప్రేరణ అని పేరు. 1953లో సహచరులతో కలిసి దాని కొలతపద్ధతిని గ్రంథరూపంలో వివరించాడు. 1961లో ‘ది అచీవింగ్ సొసైటీ’ అన్న గ్రంథంలో పలు దేశాల పిల్లల వాచకాలలోని కథలను పరిశీలించి, ఆ కథల్లో కనిపించే సాధనాకాంక్షకూ ఆయా దేశాల తరువాతి ఆర్థికవృద్ధికీ సంబంధముందని ప్రతిపాదించాడు.

కొలతపద్ధతి కూడా కథల మీదనే ఆధారపడింది. హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గాన్ 1930లలో రూపొందించిన థీమాటిక్ అపెర్సెప్షన్ టెస్టులో, అస్పష్టమైన ఒక బొమ్మను చూపి దానిపై కథ చెప్పమంటారు. అదే బొమ్మను చూసి ఒకరు అలసటను, మరొకరు విరహాన్ని, ఇంకొకరు ఒక యంత్రాన్ని బాగుచేసే ఆలోచనను కథగా అల్లవచ్చు. మూడవరకం కథలు చెప్పేవారిలో సాధనాప్రేరణ అధికమని లెక్క. అటువంటివారు మితమైన సాహసాన్ని ఎంచుకుంటారన్నది మెక్‌క్లెలాండ్ మరొక పరిశీలన. మేకుకు రింగులు విసిరే ఆటలో వారు మరీ దగ్గర నిలబడరు, మరీ దూరమూ పోరు. గెలుపు తమ నేర్పు మీద ఆధారపడే దూరాన్ని చూసుకొని నిలబడతారు.

ఈ ప్రేరణ బాల్యంలోనే స్థిరపడేదైతే పేదదేశాలు ఒక తరంపాటు వేచి ఉండాలి. పెద్దవారికి దాన్ని నేర్పడం సాధ్యమా అన్న ప్రశ్న ఇక్కడే పుట్టింది. భారతదేశంలో అందుకు అనువైన వాతావరణం ఉంది. 1954లో ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణుల బృందం చిన్నపరిశ్రమల పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం చిన్నపరిశ్రమలకు ప్రాధాన్యమిచ్చింది. 1960లో ఢిల్లీలో స్థాపితమైన శిక్షణసంస్థ 1962లో హైదరాబాదుకు తరలివచ్చి చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణసంస్థ అయింది. సీయెట్ అన్న పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఈ సంస్థే కాకినాడ ప్రయోగానికి వేదిక.

3. పట్టణాల ఎంపిక, శిక్షణ తీరు

కాకినాడకు వర్తకం కొత్త కాదు. జగన్నాథపురంలో డచ్చివారి స్థావరం ఉండేది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం తరువాత కాలువలు డెల్టా గ్రామాలను రేవుతో కలిపాయి. అమెరికా అంతర్యుద్ధకాలంలో ఈ రేవునుంచి ప్రత్తి ఎగుమతి పెరిగింది. 1961 నాటికి లక్షకు పైబడిన జనాభాతో, స్థిరపడిన వర్తక కుటుంబాలతో ఉన్న ఈ పట్టణంలో పెట్టుబడి ఉంది, కొనుగోలుదారులు ఉన్నారు, రవాణా సౌకర్యం ఉంది. అన్నీ ఉన్నచోట కొత్త పరిశ్రమలు రావాలంటే మనస్తత్వంలో మార్పు చాలునా అని పరీక్షించడానికి ఇటువంటి పట్టణమే తగినది. పోలిక కోసం అప్పటికి అదే జిల్లాలో ఉన్న రాజమహేంద్రవరాన్ని ఎంచుకున్నారు. అక్కడివారికి శిక్షణ ఇవ్వలేదు. తమిళనాట వేలూరు వ్యాపారులకు కూడా ఇటువంటి శిక్షణ ఇచ్చారు.

కాకినాడ వ్యాపార, పారిశ్రామిక వర్గాలనుంచి 52 మంది విడతలవారీగా హైదరాబాదు వెళ్లి, సంస్థలోనే ఉండి శిక్షణ పొందారు. శిక్షణలో నాలుగు అంశాలున్నాయి. మొదటిది, సాధనాప్రేరణ లక్షణాలను గుర్తించి, ఆ రీతిలో ఆలోచించడం, కథలు అల్లడం. రెండవది ఆత్మపరిశీలన. ఈ కొత్త ఆలోచన తన స్వభావానికి, తన జీవితలక్ష్యాలకు, తన సంస్కృతి విలువలకు పొసగుతుందా అని ప్రతి ఒక్కరూ విచారించుకోవాలి. మూడవది లక్ష్యనిర్ణయం. రానున్న కాలంలో తన వ్యాపారంలో ఏం చేయదలచిందీ కాగితం మీద పెట్టాలి. నాలుగవది పరస్పర సహకారం. ఒకే ఊరివారిని కలిపి తీసుకురావడంలో ఉద్దేశం, తిరిగి వెళ్లాక వారు ఒకరికొకరు తోడుగా ఉంటారన్నదే. వీటిలో ఎక్కడా పెట్టుబడి సహాయం గానీ సాంకేతిక శిక్షణ గానీ లేదన్నది గమనార్హం.

4. ఫలితాలు

మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ‘మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్’ అన్న గ్రంథంలో ఈ ప్రయోగఫలితాలను ప్రకటించారు. శిక్షణ పొందినవారిలో సుమారు సగంమంది తరువాతి రెండేళ్లలో చెప్పుకోదగిన కొత్త వ్యాపారచొరవ చూపారు. శిక్షణ లేనివారిలో అది సుమారు నాలుగోవంతు మాత్రమే. కొత్త పెట్టుబడులలోనూ, కొత్తగా పని కల్పించడంలోనూ శిక్షణ పొందినవారే ముందున్నారు.

రెండవ ఫలితం అప్పటి పాశ్చాత్య పండితాభిప్రాయాన్ని కదిలించింది. కులవ్యవస్థ, కర్మసిద్ధాంతం హిందూసమాజంలో ఆర్థికచొరవను అణచివేశాయన్న భావన వెబర్ కాలంనుంచీ బలంగా ఉంది. కాకినాడలో సంప్రదాయ విశ్వాసాలు, ఆచారనిష్ఠ చొరవకు అడ్డువచ్చిన దాఖలా కనిపించలేదు. పాశ్చాత్య జీవనరీతిని అవలంబించినవారే ముందుకు పోతారన్న ఊహ కూడా నిలవలేదు. మన సమాజాన్ని గురించి అలవాటుగా వల్లించే ఒక తీర్మానాన్ని మన పట్టణమే పరీక్షకు పెట్టిందన్నమాట.

మూడవ ఫలితం ఈ వ్యాసానికి కేంద్రం. శిక్షణ అందరిలోనూ సమానంగా పనిచేయలేదు. వ్యాపారంలో తుదినిర్ణయం తమ చేతిలో ఉన్నవారిలో ప్రభావం స్పష్టంగా కనిపించింది. నిర్ణయాలకు మరొకరి మీద ఆధారపడినవారిలో అది బలహీనంగా ఉంది. ఉమ్మడి కుటుంబవ్యాపారాల తీరు తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. ముప్పైయేళ్ల కొడుకు శిక్షణనుంచి ఎంత ఉత్సాహంతో తిరిగివచ్చినా, గల్లాపెట్టె తాళంచెవి తండ్రి మొలలోనో పెద్దన్న చేతిలోనో ఉంటే, కాగితంమీది లక్ష్యం కాగితంమీదే మిగులుతుంది.

ఈ ఫలితాలకు పరిమితులు లేకపోలేదు. శిక్షణకు వచ్చినవారు ఇష్టపడి వచ్చినవారు, వారికి ఎంతోకొంత సొంత ఆస్తి ఉంది. కూలీలు, గుమాస్తాలు, చిరుద్యోగులు ఈ ప్రయోగపరిధిలోకి రాలేదు. తొలినాటి సాధనాప్రేరణ పరిశోధన ప్రధానంగా పురుషుల మీదనే సాగింది. స్త్రీల విషయంలో భిన్నమైన ఫలితాలు వచ్చినప్పుడు వాటిని చాలాకాలం పక్కన పెట్టారు. ఈ పరిమితులు కూడా మూడవ ఫలితం వైపే చూపుతున్నాయి. నిర్ణయాధికారం లేనివారి సంగతి ఏమిటన్న ప్రశ్నను కాకినాడ లేవనెత్తింది కానీ దానికి జవాబు వెదకలేదు.

5. ఆ ప్రశ్నను అందుకున్నవారు

భారతీయ మనస్తత్వశాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను త్వరగానే పట్టుకున్నారు. హైదరాబాదు సంస్థలో కొంతకాలం పనిచేసిన ఉదయ్ పారీక్ 1960లలోనే సాధనాప్రేరణ ఒక్కటే అభివృద్ధికి చాలదన్నాడు. ఇతరుల మేలును తన మేలుగా తలచే విస్తరణప్రేరణ దానికి తోడు కావాలి. పైవారి మీద ఆధారపడే ఆశ్రితప్రేరణ తగ్గాలి. మొదటి రెంటి గుణకారఫలంనుంచి మూడవదాన్ని తీసివేస్తే మిగిలేదే అభివృద్ధి అని ఆయన సూత్రీకరించాడు. గుణకారం కావడంలోనే మర్మముంది. ఒకటి శూన్యమైతే రెండవది ఎంత ఉన్నా ఫలం శూన్యమే. ఆశ్రితప్రేరణ వ్యక్తిలో పుట్టే దోషం మాత్రమే కాదు. ప్రతి చిన్న విషయానికీ పైనుంచి ఆమోదం కోరే సంస్థ దాన్ని రోజూ పెంచి పోషిస్తుంది.

జై బి.పి. సిన్హా 1968లో ప్రచురించిన ప్రయోగం మరొక హెచ్చరిక చేసింది. వనరులు పరిమితంగా ఉన్నప్పుడు సాధనాప్రేరణ అధికంగా గలవారు వాటిని దాచుకొని, తోటివారితో ఘర్షణ పడి, సమష్టి ఫలితాన్ని తగ్గించారు. ఆయనే 1980లో భారతీయ సంస్థలకు తగిన నాయకుణ్ణి గురించి ఒక నమూనా ప్రతిపాదించాడు. కిందివారిపట్ల వాత్సల్యం చూపుతూనే పనిలో రాజీపడని నాయకుడతడు. అయితే ఆ వాత్సల్యం తుదిలక్ష్యం కాదు. కిందివారు క్రమంగా నేర్పు, ఆత్మవిశ్వాసం సంపాదించుకొనేకొద్దీ నాయకుడు నిర్ణయాలలో వారికి భాగమివ్వాలి. ఎప్పటికీ పిల్లలుగానే చూసే పెద్దరికం నాయకత్వం కాదు.

మెక్‌క్లెలాండ్ కూడా తన దృష్టిని మార్చుకున్నాడు. డేవిడ్ బర్న్‌హామ్‌తో కలిసి 1976లో రాసిన వ్యాసంలో, పెద్దసంస్థల్లో మంచి నిర్వాహకుడికి కావలసింది ప్రధానంగా సాధనాప్రేరణ కాదన్నాడు. ప్రతి పనినీ తానే మెరుగ్గా చేయాలనుకునేవాడు ఇతరులచేత చేయించలేడు. సంస్థ మేలుకోసం, సంయమనంతో ఇతరులను ప్రభావితం చేయాలన్న కోరికే మంచి నిర్వాహకుణ్ణి తయారుచేస్తుందని ఆ వ్యాసం వాదించింది. చేయడం వేరు, చేయించడం వేరు అన్న తేడా ఇక్కడ ముందుకు వచ్చింది.

6. మాటల సాక్ష్యం

ఈ తేడా తెలుగు వ్యాకరణానికి ఏనాటినుంచో పరిచితం. ‘చేయు’ ధాతువునుంచి ‘చేయించు’ అన్న ప్రేరణార్థకరూపం ఏర్పడుతుంది. ‘చేసెను’ అన్నప్పుడు కర్త ఒక్కడే. ‘చేయించెను’ అన్నప్పుడు కర్తలు ఇద్దరు. ఒకడు పని చేసేవాడు, మరొకడు చేయించేవాడు. వాక్యంలో ప్రధానస్థానం చేయించేవాడిదే. చేసినవాడు ‘చేత’ విభక్తితో పక్కకు జరుగుతాడు, ఒక్కోసారి కనిపించనే కనిపించడు. ‘రాజు గుడి కట్టించాడు’ అన్న వాక్యంలో శిల్పి పేరు లేదు.

ఈ వ్యాకరణపదమే మనస్తత్వశాస్త్రంలోకి వచ్చి లోపలినుంచి పుట్టే శక్తికి పేరైంది. ప్రేరకుడూ ప్రేరితుడూ ఒకే మనిషిలో ఉంటారని శాస్త్రం అంటుంది. కార్యాలయ వాస్తవం ఇప్పటికీ వ్యాకరణం చెప్పినట్టే ఉంటుంది. ఉద్యోగులకు ‘ప్రేరణ కలిగించాలి’ అన్న వాక్యంలో కలిగించేది యాజమాన్యం, కలగవలసింది ఉద్యోగికి. ఇద్దరు కర్తలూ ఇక్కడ స్పష్టంగానే ఉన్నారు.

‘ఉద్యోగం’ మాట చరిత్ర మరింత విలువైనది. సంస్కృతంలో అది ప్రయత్నం, పూనిక. భారతంలో ఉద్యోగపర్వం యుద్ధానికి చేసిన పూనికను చెప్పేదే కానీ ఎవరి కొలువునూ చెప్పేది కాదు. హిందీలో ఇదే మాటకు నేడు పరిశ్రమ అన్న అర్థం స్థిరపడింది. వాడుకతెలుగులో మాత్రం ‘ఉద్యోగం’ అంటే ఒకరి కింద జీతానికి చేసే పని. పూనికను చెప్పిన మాట పదవిని చెప్పేదిగా మారింది. ‘ఉద్యమం’ కూడా మూలంలో ప్రయత్నమే. హిందీలో వ్యాపారచొరవకు పేరైన ఆ మాట తెలుగులో ప్రజల సమష్టి పోరాటానికి పేరైంది. నిర్ణయం పైవారిదై, పని కిందివారిదైన కార్యాలయాల్లో ‘ఉద్యోగం’ మాటకు మొదటి అర్థం నిలిచే వీలు తక్కువ. ఒక్క మాట అర్థపరిణామంతో సమాజచరిత్రను నిరూపించలేము. కాకినాడ ఫలితం పక్కన పెట్టి చూస్తే మాత్రం, పూనికకూ అధికారానికీ మధ్య తెగిన ముడిని ఈ మాట గుర్తుచేస్తుంది.

7. మరచిన షరతు

కాకినాడ ప్రయోగంతో దేశంలో వ్యాపారచొరవ శిక్షణకు ఊపు వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో గుజరాత్‌లో ఇటువంటి శిక్షణ కార్యక్రమాలు విస్తరించాయి. మరోవైపు సంస్థల్లో ప్రేరణ ఉపన్యాసాలు, తెలుగులో వ్యక్తిత్వవికాస గ్రంథాలు విశేషాదరణ పొందాయి. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ ఇందుకు సుపరిచితమైన ఉదాహరణ. ఈ సాహిత్యం చాలామందిలో ఆత్మవిశ్వాసం నింపింది. దాని మేలును తక్కువచేయనవసరం లేదు.

ఈ విస్తరణలో ప్రయోగంలోని మొదటి ఫలితం మాత్రమే ప్రయాణం చేసింది, షరతు వెనుకబడింది. షరతు లేకుండా చెప్పినప్పుడు సిద్ధాంతం తలకిందులవుతుంది. ప్రేరణ ఉంటే విజయం వస్తుందన్న మాట, విజయం రాలేదంటే ప్రేరణ లేనట్టేనన్న నిందగా మారుతుంది. సెలవు మంజూరునుంచి పనిపద్ధతి వరకు ఏ ఒక్క విషయంలోనూ మాట చెల్లని ఉద్యోగి ఒక శిక్షణ తరగతినుంచి ఉత్సాహంతో వచ్చి, నెల తిరగకముందే నీరసించిపోతే, లోపం అతని మనసులో ఉందని తేల్చడం సులభం. కాకినాడ ఫలితం ప్రకారం ముందుగా చూడవలసింది అతని చేతిలో ఏ నిర్ణయం ఉందన్నది.

8. ముగింపు

కాకినాడ ప్రయోగం రెండు సంగతులు రుజువు చేసింది. వయసు వచ్చిన మనిషి కూడా కొత్త చొరవ నేర్చుకోగలడు. నేర్చుకున్నదాన్ని ఆచరించే అధికారం ఉన్నప్పుడే ఆ చొరవ ఫలిస్తుంది. మొదటిది వ్యక్తికి ఆశ కలిగిస్తే, రెండవది సంస్థకు బాధ్యత గుర్తుచేస్తుంది. పారీక్, సిన్హాల పరిశోధనలు ఈ రెండవ దారిలోనే సాగాయి. శిక్షణకు ఖర్చుపెట్టే సంస్థలు అంతకుముందు తమ నిర్ణయాల పట్టికను పరిశీలించి, వాటిలో ఏవి కిందికి అప్పగించవచ్చో తేల్చుకోవడం కాకినాడ పాఠానికి న్యాయం చేయడమవుతుంది. ఈ ప్రయోగంలో పాల్గొన్న వ్యాపారకుటుంబాల తరువాతి తరాల అనుభవాలను మౌఖికచరిత్ర పద్ధతిలో సేకరించడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని. ప్రయోగం మన నేలమీద జరిగింది కనుక దాని శేషభాగాన్ని పూర్తిచేసే వీలు కూడా మనకే ఎక్కువ.