సంకల్పంలో చెప్పుకోని నేల: స్కార్‌బరో

వార్షికోత్సవ సంచికలలో ఆలయ చరిత్ర సాధారణంగా విగ్రహ ప్రతిష్ఠతో మొదలవుతుంది. అది సహజమే. అయితే ఏ పూజ ఆరంభించినా మన అర్చకులు ముందుగా సంకల్పం చెబుతారు. ఏ ద్వీపంలో, ఏ ఖండంలో, ఏ నదీతీరాన, ఏ తిథినాడు కూర్చుని ఈ కర్మ ఆచరిస్తున్నామో పలికిన తరువాతనే గోత్రనామాలు వస్తాయి. ఉత్తర అమెరికాలోని అనేక దేవాలయాలలో జంబూద్వీపానికి బదులు ‘క్రౌంచద్వీపే’ అంటారని మీరు వినే ఉంటారు. అంటే, నిలుచున్న చోటేదో తెలియనిదే ప్రార్థన మొదలుకాదన్న మాట. ఈ వ్యాసం ఆ చోటును గురించినది.

ఇక్కడే పుట్టి పెరిగిన మిమ్మల్ని భారతదేశంలో బంధువులు “మీది ఏ ఊరు?” అని అడిగితే, మీలో చాలామంది తాతగారి ఊరి పేరు చెబుతారు. నేను 1973లో, ఏడేళ్ళ వయసులో అమ్మానాన్నలతో కాకినాడ నుండి వచ్చాను. నాకు తెలిసిన వీధులు, బడిదారి, మొదటి స్నేహాలు అన్నీ స్కార్‌బరోవే. కనుక ఊరు అన్న మాట వినగానే నా మనసుకు తోచేది ఇదే. దీనికి స్థలపురాణం ఎవరూ వ్రాసిపెట్టలేదు గనుక నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు పేరు. 1791లో భూములు కొలిచినప్పుడు ఈ ప్రాంతానికి గ్లాస్గో అని పేరు పెట్టారు. 1793లో ఎగువ కెనడా లెఫ్టినెంట్ గవర్నరు భార్య ఎలిజబెత్ సిమ్కో ఒంటారియో సరస్సు మీద పడవలో వస్తూ ఈ ఎత్తైన తెల్లని మట్టి కొండలను చూచి, ఇంగ్లండులోని యార్క్‌షైర్ తీరాన ఉన్న స్కార్‌బరోను తలచుకున్నది. ఆ పేరే నిలిచింది. పరాయి దేశంలో సొంత ఊరిని వెదుక్కోవడం మనతో మొదలు కాలేదు.

ఆమెకు ముందు ఇక్కడ మనుషులు లేరనుకోరాదు. లారెన్స్ ఎవెన్యూకు సమీపాన, బెల్లమీ రోడ్డు దగ్గర ఇళ్ళ నడుమ టేబర్ హిల్ అనే గడ్డి దిబ్బ ఉన్నది. 1956లో కొత్త కాలనీల కోసం ఆ దిబ్బను తవ్వుతుండగా యంత్రానికి మానవుల ఎముకలు తగిలాయి. పరిశీలించగా అది వెండాట్ జాతి ప్రజల సామూహిక సమాధి అనీ, దాదాపు ఆరేడు వందల ఏళ్ళనాటిదనీ, ఐదు వందల మందికి పైగా అస్థులు అందులో ఉన్నాయనీ తేలింది. వారి ఆచారం ప్రకారం, ఊరు మరొక చోటికి తరలిపోయే ముందు, విడివిడిగా పూడ్చిన తమవారి అస్థులన్నింటినీ వెలికితీసి, ఒకే గోతిలో కలిపి ఉంచి, పెద్ద విందు చేసేవారు. ఆ అస్థులను తిరిగి అక్కడే ఉంచారు. దిబ్బను తొలగించే పని ఆగిపోయింది. మా బడి నుండి అక్కడికి విహారయాత్రకు తీసుకువెళ్ళినప్పుడు మా ఉపాధ్యాయురాలు దానిని ‘ఇండియన్ దిబ్బ’ అన్నది. పిల్లలందరూ నా వైపు తిరిగి చూశారు. ఆనాడు నాకు సిగ్గు వేసింది. ఇంటికి వచ్చి చెబితే నాన్నగారు మాత్రం, “ఊరు వదిలేటప్పుడు పెద్దలను కూడా లెక్క చూసుకుని కలిపి పోయారన్న మాట, గొప్పవాళ్ళే” అన్నారు. అప్పటికి మా తాతగారు పోయి నాలుగు నెలలు. నాన్నగారు వెళ్ళలేకపోయారు.

వ్యవసాయ యుగాన్ని త్వరగా దాటిపోతాను. నేటికీ దాని గుర్తులు రోడ్ల మీదనే ఉన్నాయి. ఎగ్లింటన్, లారెన్స్, ఎల్స్‌మియర్, షెపర్డ్, ఫించ్, స్టీల్స్ అన్నవి ఒకదానికొకటి రమారమి రెండు కిలోమీటర్ల ఎడంతో గీత గీసినట్లు సాగడానికి కారణం, నాటి భూమి కొలతగాళ్ళు అడవిని ఆ లెక్కన పంచడమే. మెకావన్, కెనడీ మొదలైనవి ఇక్కడ సేద్యం చేసిన కుటుంబాల పేర్లు. బస్సు కోసం మంచులో నిలుచున్నప్పుడు తరువాతి పెద్ద కూడలి అంత దూరం ఎందుకున్నదని మీరెన్నడైనా విసుక్కుంటే, ఆ విసుగు రెండు వందల ఏళ్ళనాటి గొలుసు కొలతకు చెందుతుంది.

స్కార్‌బరోను పొలాల నుండి ఫ్యాక్టరీలకు మళ్ళించినది రెండవ ప్రపంచ యుద్ధం. 1941లో ఎగ్లింటన్ ఎవెన్యూకు దక్షిణాన ‘జీకో’ అనే మందుగుండు కర్మాగారం వెలసింది. యుద్ధకాలంలో అక్కడ ఇరవై వేల మందికి పైగా పనిచేశారు. వారిలో అత్యధికులు స్త్రీలు. పాతిక కోట్లకు పైగా మందుగుండు వస్తువులు ఆ చేతుల మీదుగా పోయాయి. యుద్ధం ముగిశాక ఆ పరిసరాలలోనే వరుసగా పరిశ్రమలు రావడంతో ఎగ్లింటన్ రోడ్డులోని ఆ భాగానికి గోల్డెన్ మైల్ అన్న పేరు వచ్చింది. 1959లో ఎలిజబెత్ రాణి దానిని చూడడానికి వచ్చింది. 1951లో యాభై ఆరు వేలున్న జనాభా పదేళ్ళలో రెండు లక్షలు దాటిందంటే ఆ వేగం ఊహించుకోవచ్చు.

ఆ వేగంలో మనవారికి చోటు లేదు. 1951 ఒప్పందం ప్రకారం భారతదేశం మొత్తానికి కెనడా ఏడాదికి 150 మందిని అనుమతించేది. 1957లో దానిని 300 చేశారు. 1962లో జాతివివక్ష నిబంధనలను చాలవరకు తొలగించి, 1967లో చదువుకూ, నైపుణ్యానికీ, భాషకూ మార్కులు వేసే పద్ధతి తెచ్చిన తరువాతనే మా నాన్నగారి వంటివారికి దారి తెరుచుకున్నది. కాకినాడలో ఇంజనీరింగు చదివిన ఆయనకు పాయింట్లు పుష్కలంగా వచ్చాయి. ఉద్యోగం మాత్రం రాలేదు. వెళ్ళిన ప్రతి చోట “కెనడా అనుభవం ఉన్నదా?” అన్న ప్రశ్నే. చివరకు గోల్డెన్ మైల్‌లో ఒక కర్మాగారంలో రాత్రిపూట యంత్రం నడిపే పనికి కుదిరారు. పట్టా పెట్టెలోనే ఉండిపోయింది. ఆ యంత్రం గీసిన చిత్రంలో కొలత తప్పున్నదని ఆయన ఒకసారి కనిపెట్టి చెప్పగా, పై అధికారి ఆ కాగితం మీద తన పేరు వ్రాసుకుని పైకి పంపాడట. ఈ సంగతి నాన్నగారు నవ్వుతూ చెప్పేవారు. అమ్మ మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మేముండినది విద్యుత్ తీగల దారికి ఆనుకుని ఉన్న బహుళ అంతస్తుల భవనంలో. ఒకే అంతస్తులో గ్రీకులు, గయానావారు, జమైకావారు, ఒక వృద్ధ స్కాట్లండు దంపతులు. తెలుగు ఇళ్ళు మొత్తం స్కార్‌బరోలో మా ఎరుకలో పదిలోపు. అందుచేత పండుగ అంటే ఎవరింట్లో సోఫా లేకపోతే వారింట్లోనే. కరివేపాకు దొరకాలంటే బస్సెక్కి వార్డెన్ స్టేషనుకు, అక్కడ నుండి సబ్‌వేలో కాక్స్‌వెల్‌కు, తరువాత నడిచి జెరార్డ్ వీధికి. 1972లో నాజ్ థియేటరు హిందీ చిత్రాలు వేయడం మొదలుపెట్టాక దాని చుట్టూ అంగళ్ళు వెలిశాయి. వెనుకకు వచ్చేటప్పుడు సంచిలోని ఇంగువ వాసన బస్సంతా వ్యాపిస్తుందని నేను వేరే సీటులో కూర్చునేదాన్ని.

మాకు మొదట దేవుడిని చూపించినవారు గయానావారు. ఈ మాట మన సంచికలలో ఎక్కడా కనబడదు గనుక గట్టిగానే వ్రాస్తున్నాను. మా పక్కింటి పెద్దావిడకు మన భాష ఏదీ రాదు. ఆమె పూర్వీకులు నూరేళ్ళకు ముందే మద్రాసు రేవు నుండి చెరకు తోటల కూలికి గయానా చేరినవారు. అక్కడ అటువంటి వారినందరినీ ‘మద్రాసీలు’ అన్నారు. ఆ మాటలో తమిళులూ ఉన్నారు, తెలుగువారూ ఉన్నారు. ఆమె ఇంటిపేరులో ‘సామి’ ఉండేది. తమ పెద్దలు ఏ పల్లెనుండి వచ్చారో ఆమెకు తెలియదు. కాని ఆదివారం తమవారు అద్దెకు తీసుకున్న హాలులో జరిగే పూజకు మమ్మల్ని పిలుచుకువెళ్ళి, అమ్మ చేతిలో హారతి పళ్ళెం పెట్టింది. భాష పోయినా వేపాకూ, పసుపూ, అమ్మవారూ నిలిచారని అమ్మ చాలాకాలం ఆశ్చర్యపోయేది. తరువాతి కాలంలో రిచ్‌మండ్ హిల్ గణేశాలయానికి వెళ్ళడం అలవాటైంది గాని, ఆ హాలు ముందు.

1973లోనే ఎల్స్‌మియర్ దగ్గర స్కార్‌బరో సివిక్ సెంటరు తెరిచారు. రూపశిల్పి రేమండ్ మొరియామా. జపాను సంతతివాడైన కారణంగా బాల్యంలో, యుద్ధకాలంలో, కుటుంబంతో సహా బ్రిటిష్ కొలంబియాలోని నిర్బంధ శిబిరంలో గడిపినవాడు. అటువంటి వ్యక్తి కట్టిన భవనంలో కూర్చునే, పదకొండేళ్ళ తరువాత, ఊరి పెద్దలు మరొక వలస జాతిని గురించి తగవు తీర్చవలసి వచ్చింది. 1984లో ఆజిన్‌కోర్ట్‌లో స్కేటింగ్ రింకుగా ఉండిన భవనంలో డ్రాగన్ సెంటర్ అనే చైనావారి అంగళ్ళ సముదాయం మొదలైంది. జనం కిక్కిరిసి వచ్చారు. పాత నివాసులు వందలాదిగా సభ చేసి అభ్యంతరం చెప్పారు. పైకి చెప్పిన కారణం పార్కింగు. లోపలిది ఏమిటో ఆ రోజుల్లో బడిలో చదివిన మాకు ఎవరూ వివరించనక్కరలేకపోయింది. ఆ మాట ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, తరువాత దేవాలయాలు, మసీదులు ఎక్కడ పెట్టాలన్నా అభ్యంతరం సరిగ్గా అదే రూపంలో, అదే మాటతో వచ్చింది. మొదటి దెబ్బ చైనావారు తిన్నారు. ఆ తరువాత మనకు దారి కొంత సులభమైంది.

1983 నాటి మారణకాండ తరువాత శ్రీలంక తమిళులు వేల సంఖ్యలో వచ్చి స్కార్‌బరోలో స్థిరపడ్డారు. పదేళ్ళలో కరివేపాకు మార్ఖం రోడ్డుకు వచ్చింది, ఇడ్లీపిండి వచ్చింది, పురోహితులు వచ్చారు. తెలుగువారు ఏ ఉద్యమమూ చేయకుండానే ఆ సౌకర్యాలన్నీ అనుభవించాము. వారు యుద్ధం నుండి పారిపోయి వచ్చి సమకూర్చుకున్నవి అవి.

అదే సమయంలో కర్మాగారాలు ఒక్కొక్కటిగా మూతపడసాగాయి. 1989లో అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలుకు వచ్చింది, వెంటనే మాంద్యం వచ్చింది. 1993లో జనరల్ మోటార్స్ వ్యాన్ల కర్మాగారం ఆగిపోయింది. నాన్నగారి పని అంతకు ముందే పోయింది. ఖాళీ అయిన గిడ్డంగుల అద్దె తగ్గింది. నివాస వీధులలో ప్రార్థనా స్థలానికి అనుమతి దొరకడం దుర్లభం. పారిశ్రామిక వాడలోనైతే చుట్టుపక్కల నిద్రపోయేవారు లేరు, ఆదివారం పార్కింగు ఖాళీ, పైకప్పు ఎత్తు. స్కార్‌బరోలో అన్ని మతాల గుళ్ళూ టైర్ల దుకాణాలకూ, వెల్డింగు షెడ్లకూ నడుమ ఎందుకున్నాయని మీరు అడుగుతుంటారు. కారణం ఇదే. మనుషుల పని పోయిన చోటికి దేవుళ్ళు వచ్చారు.

మన ఆలయం మొదట అద్దెకు తీసుకున్న యూనిట్టులో అంతకు ముందు తివాచీలు నిలువచేసేవారు. మొదటి ఏడాది అభిషేకజలం పోవడానికి తూము లేక ప్లాస్టిక్ తొట్లలో పట్టి మోసేవాళ్ళం. హోమం చేస్తే పొగ హెచ్చరిక గంట మోగేది గనుక, జనవరిలో కూడా పార్కింగు స్థలంలోనే హోమగుండం. స్వామివారు ఊరేగింపుకు బయలుదేరేది లారీలు సరుకు దించే ఇనుప తలుపు గుండా. గొలుసు లాగితే తలుపు పైకి లేచే చప్పుడే మాకు మంగళవాద్యం. నాన్నగారు ఆ గొలుసు దగ్గర నిలబడేవారు. అటువంటి తలుపులు తనకు అలవాటేనని ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవారు కారు. ఆ తలుపు పక్క నేలమీద పసుపురంగు గీతలు, ఫోర్కులిఫ్టు తిరిగే హద్దులు, చాలాకాలం చెరగలేదు. క్యూ కట్టేటప్పుడు భక్తులు తెలియకుండానే ఆ గీతల వెంట నిలబడేవారు.

1998 జనవరి 1న స్కార్‌బరో నగరం టొరంటోలో కలిసిపోయింది. 1985 నుండి నడిచిన ఆకాశమార్గపు రైలు 2023 జూలైలో పట్టాలు తప్పి, మళ్ళీ నడవలేదు. ఆ మార్గం స్థానంలో భూగర్భ రైలు కోసం సొరంగం తవ్వుతున్నారు. రైలు వస్తుందన్న చోటల్లా పాత ప్లాజాలు పోయి ఆకాశహర్మ్యాలకు అనుమతులు వస్తున్నాయి. మన కుటుంబాలలో సగం ఏజాక్స్‌కో, మిల్టన్‌కో, బ్రాంప్టన్‌కో తరలిపోయాయి. వెండాట్ ప్రజల వలె పోయేముందు అంతా కూడదీసుకోవడం మనకు సాధ్యమా అన్నది వేరే ప్రశ్న. విద్యుత్ తీగల కింద ఉన్న తోటల మళ్ళలో మాత్రం గోంగూర ఇప్పటికీ వేస్తున్నారు. ఆకు బాగానే వస్తుంది. పగలు కురచయితే గాని అది పూయదు. పూసేలోగా ఇక్కడ మంచు కురుస్తుంది. అందుచేత ప్రతి ఏడూ విత్తనం ఇంటినుండి తెప్పించుకోవలసిందే.

మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే ఒక చిన్న సమాచారం. మొదటి యూనిట్టు అద్దె ఒప్పందం, పాత నక్షా, తివాచీల కంపెనీ వదిలిపోయిన తాళాల జాబితా, 1990లలోని పార్కింగు దరఖాస్తులు, నాన్నగారి అక్షరాలతో వ్రాసిన ఊరేగింపు కొలతలు ఒక నీలిరంగు ఫైలులో ఆలయ కార్యాలయంలో ఉన్నాయి. శనివారం ఉదయం పదింటి తరువాత అడిగితే తీసి ఇస్తారు.