చేతి తిమ్మిరి వెనుక నూట నలభై ఏళ్లు

వేళ్లు లావెక్కి, దవడ ముందుకొచ్చి, చెప్పుల సైజు పెరిగే జబ్బును గ్రంథుల జబ్బుగానే అందరూ చెప్పుకుంటారు. దానికి పేరు పెట్టింది మాత్రం నరాల వైద్యుడు. 1886లో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో శిష్యుడు పియరీ మారీ ఇద్దరు రోగుల మీద వ్యాసం రాసి ఆ జబ్బును 'అక్రోమెగలీ' అన్నాడు. అదే ఏడాది గురువుతో కలిసి ఇంకో జబ్బునూ వర్ణించాడు. కాళ్ల కండరాలను మెల్లమెల్లగా కరిగించే ఆ వంశపారంపర్య నరాల జబ్బును ఇవ్వాళ్టికీ షార్కో-మారీ-టూత్ అనే పిలుస్తున్నారు. రెండూ ఒకే ఏడాది, ఒకే చేతి మీదుగా వచ్చినా, తర్వాత అక్రోమెగలీ కథంతా ముఖం చుట్టూ, ఎముకల చుట్టూ, గ్రంథి చుట్టూ తిరిగింది. నరాలు వెనక్కి పోయాయి. అలా పోవడం వల్ల ఎక్కువ నష్టపోయేది జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి చోట్ల రెండు చేతుల మీద బతికేవాళ్లేనని నా నమ్మకం.

ఫ్రాన్స్‌లో సోసెరోత్ అనే వైద్యుడు 1772లోనే ఇలాంటి మనిషిని వర్ణించాడు. మారీ వ్యాసం వచ్చిన మరుసటి ఏడు, 1887లో, మింకోవ్‌స్కీ ఈ రోగుల తలలో పిట్యూటరీ గ్రంథి పెద్దదవుతోందని గుర్తించాడు. ముక్కు వెనుక, పుర్రె అడుగున, చిన్న ఎముక గుంటలో శనగగింజంత గ్రంథి అది. అందులో పుట్టే కణితి పెరుగుదల హార్మోనును అదుపు లేకుండా వదులుతుంది. ఆ హార్మోను కాలేయంతో ఐజీఎఫ్-1 అనే మరో పదార్థాన్ని చేయిస్తుంది. ఎదిగే వయసులో మొదలైతే మనిషి విపరీతంగా పొడుగు సాగుతాడు. ఎదుగుదల ఆగాక మొదలైతే చేతులు, పాదాలు, దవడ, నాలుక పెరుగుతాయి. నరాల మీద దెబ్బ రెండు దారుల్లో పడుతుంది: కణితి పక్కనున్న నరాలను నొక్కుతుంది, హార్మోను ఒళ్లంతా తిరిగి దూరపు నరాలను ఉబ్బిస్తుంది.

మారీ రాస్తున్న ఆ రోజుల్లోనే మన హైదరాబాద్ వైద్యచరిత్రకెక్కింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో, 1889లో క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. మత్తు ఇచ్చేటప్పుడు నాడి కన్నా శ్వాసను గమనించాలన్నది లారీ పట్టుదల. ఆయన వాదన అంతా నిలబడలేదు. గుండె మీద క్లోరోఫాం దెబ్బను ఆయన తక్కువ అంచనా వేశాడు. అయితే అక్రోమెగలీ రోగికి మత్తు ఇచ్చే వైద్యుడికి ఈనాటికీ మొదటి భయం శ్వాస గురించే. పెద్ద నాలుక, పొడుగు దవడ, గొంతులో మందమెక్కిన కండ. ఈ కారణంగానే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుంది. రాత్రంతా గురక, పొద్దంతా కునుకుపాట్లు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకమనుకుంటారు.

ఇక చేతుల సంగతి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వాడల్లో ఇళ్ల ముందు ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేయడం ఇక్కడివాళ్లకు రోజూ కనబడేదే. నానబెట్టిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, పొగాకు చిటికెడు పరిచి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చుట్టి, దారం కట్టి, మూతి మడుస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. మణికట్టు ఒకే తీరుగా కొన్ని వేలసార్లు తిరుగుతుంది. సిరిసిల్లలో సాంచాల మీద కండెలు మార్చే, తెగిన పోగులు ముడివేసే చేతులదీ అదే కథ. అర్ధరాత్రి తిమ్మిరెక్కి మెలకువ రావడం, చెయ్యి విదిలిస్తే కాస్త తేలికపడడం, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారడం కార్పల్ టన్నెల్ లక్షణాలు. మణికట్టులోని ఇరుకు సందులోంచి వెళ్లే మీడియన్ నరం నలిగితే వస్తాయి. బీడీలు చేసే మనిషికి ఈ తిమ్మిర్లొస్తే ఎవరైనా చేసే పని వల్లేనంటారు. చాలాసార్లు అది నిజమే. ఆర్‌ఎంపీ విటమిన్ సూది వేస్తాడు, కాస్త పెద్ద ఆసుపత్రికి పోతే మణికట్టుకు పట్టీ కడతారు.

కానీ అక్రోమెగలీ రోగుల్లో చాలామందికి జబ్బు బయటపడక ముందే ఈ తిమ్మిర్లుంటాయి. రెండు చేతులకూ ఉంటాయి. ముఖం మార్పు ఏళ్ల తరబడి జరుగుతుంది కాబట్టి రోజూ చూసే ఇంటివాళ్ల కంటికి ఆనదు. నరం మాత్రం ముందే చెబుతుంది. మొదటి లక్షణానికీ జబ్బు పేరు తెలియడానికీ మధ్య ఐదు నుంచి పదేళ్లు పోతాయని ప్రపంచమంతటా వైద్యులు చెబుతూ వచ్చారు. ఆ ఏళ్లలో కొంతమంది మణికట్టు ఆపరేషన్ కూడా చేయించుకుని, తిమ్మిరి తగ్గక మళ్లీ వస్తారు.

మణికట్టులో జరిగేదేమిటన్నది చాలాకాలం తప్పుగానే అనుకున్నారు. ఎముకా, కండా పెరిగి బయటి నుంచి నరాన్ని నొక్కుతాయనేది పాత ఊహ. 2000 ప్రాంతంలో ఎంఆర్ఐ తీసి చూస్తే, ఈ రోగుల్లో నరమే నీరు పట్టి ఉబ్బినట్టు కనబడింది. హార్మోను అదుపులోకి వస్తే ఉబ్బు దిగుతుంది. అందుకే మందు పనిచేసిన కొద్ది వారాలకే కొందరికి వేళ్లు మళ్లీ తేలికపడతాయి. అంతకు ముందే, 1974లో, మణికట్టుతో సంబంధం లేకుండా చేతులూ కాళ్లలోని దూరపు నరాలూ ఈ జబ్బులో దెబ్బతింటాయని, కొందరిలో అవి చేతికి తగిలేంత మందమవుతాయని పరిశోధకులు రాశారు.

మందమైన నరం అనగానే మన ప్రాంతపు వైద్యుడికి తోచేది వేరు. మోచేయి లోపలివైపు ఎముక వెనుక వేలు పెట్టి అల్నార్ నరాన్ని తడిమి చూడటం ఇక్కడ కుష్ఠు పరీక్షగా నేర్చుకున్న విద్య. కోరుట్ల నుంచి నిజామాబాద్ వైపు పోతే డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దంపతులు 1915లో నెలకొల్పిన కుష్ఠు ఆసుపత్రి ఉంది. ఆ ఆసుపత్రి ఈ జిల్లాలకు చేసిన మేలు తక్కువది కాదు. అక్కడి నుంచి వచ్చిన అలవాటు చేత, నరం మందంగా తగిలితే ముందు మచ్చ కోసం, స్పర్శ పోయిన చోటు కోసం వెతుకుతారు. అది సరైన పద్ధతే. మచ్చ కనబడనప్పుడు కన్ను పైకెత్తి దవడనూ, పళ్ల మధ్య సందులనూ ఒకసారి చూడాలి.

కణితి నేరుగా చేసే హాని కళ్లకు. గ్రంథికి సుమారు ఒక సెంటీమీటరు పైన రెండు కళ్ల నరాలూ అడ్డంగా కలుస్తాయి. కణితి పైకి పెరిగితే అక్కడ నొక్కుకుని రెండు పక్కల చూపూ పోతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది కాబట్టి మనిషికి లోపం తెలియదు. జగిత్యాల, కోరుట్ల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద బండి నడిపేవాడికి పక్క నుంచి వచ్చే బస్సు కనబడకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పరీక్షకు యంత్రం కూడా అవసరం లేదు. ఎదురుగా కూర్చుని, రోగిని తన ముక్కు వైపు చూడమని, వైద్యుడు రెండు పక్కలా వేళ్లు ఆడిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. కణితి పక్కకు పాకితే కంటిని తిప్పే నరాలు దెబ్బతిని ఒకటి రెండుగా కనిపిస్తుంది, రెప్ప వాలుతుంది. తలనొప్పి సరేసరి. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పితో చూపు మసకబారితే కణితిలో రక్తస్రావం జరిగి ఉండొచ్చు. అది గంటల్లో తేల్చుకోవలసిన పని.

ముక్కు దారిన కత్తి కథ 1907లో ఇన్స్‌బ్రక్‌లో మొదలైంది. ష్లోఫర్ ముక్కు దారిన పిట్యూటరీ కణితిని చేరాడు. రోగి కొన్ని వారాలే బతికాడు. 1909లో హార్వీ కుషింగ్ దక్షిణ డకోటాకు చెందిన ఒక అక్రోమెగలీ రైతుకు ఆపరేషన్ చేస్తే అతను కోలుకున్నాడు. తర్వాత కుషింగే ముక్కు దారిని వదిలేసి పుర్రె తెరిచే పద్ధతికి మారాడు. ఆయన దగ్గర నేర్చుకున్న నార్మన్ డాట్ ఎడింబరోలో ఆ పాత దారిని వదలలేదు. డాట్ నుంచి పారిస్‌కు చెందిన గియో, గియో నుంచి మాంట్రియల్‌కు చెందిన జూల్స్ హార్డీ అందుకున్నారు. 1960లలో హార్డీ దానికి మైక్రోస్కోపును జోడించాక మామూలు గ్రంథిని కాపాడుతూ కణితిని మాత్రమే తీయడం సాధ్యమైంది. ప్రపంచమంతా వదిలేసిన విద్యను ఒకరిద్దరు చేతిలో నిలుపుకోకపోతే ఎంతమంది చూపు పోయేదో.

రక్తంలో హార్మోనును కొలిచే పద్ధతిని యాలో, బెర్సన్ తెచ్చారు, 1963లో పెరుగుదల హార్మోనుకూ అది వచ్చింది. 1973లో గియ్యెమాఁ ప్రయోగశాలలో ఆ హార్మోనును అణిచే సొమటోస్టాటిన్ దొరికింది. 1977 నోబెల్ వైద్య బహుమతిని యాలో, గియ్యెమాఁ, షాలీ పంచుకున్నారు. సొమటోస్టాటిన్ రక్తంలో నిమిషాల్లో కరిగిపోతుంది. దాని తీరులో తయారైన ఆక్ట్రియోటైడ్ 1980లలో చికిత్సకు వచ్చింది, తర్వాత నెలకొక సూదిగా మారింది. కొందరికి తలనొప్పి ఆ సూదితో నిమిషాల్లో తగ్గడం వైద్యుల్నే ఆశ్చర్యపరిచింది.

దక్షిణాదిన ఆధునిక మెదడు శస్త్రచికిత్స 1949లో వేలూరులో జాకబ్ చాందీతో, 1950లో మద్రాసులో రామమూర్తితో మొదలైంది. తెలుగు రోగులు వేలూరు రైలెక్కడం అప్పటి నుంచీ ఉన్న అలవాటే. తర్వాత ఉస్మానియా, గాంధీ, నిమ్స్ అందుబాటులోకి వచ్చాయి. తెలుగు నేల నరాల వైద్యానికి ఇచ్చిన పెద్ద పాఠం మాత్రం ఇంకోటి. నల్గొండ ఫ్లోరోసిస్‌పై సిద్దిఖీ 1955లో రాశాడు. ఫ్లోరైడు ఎక్కువున్న అక్కడి నీళ్లు వెన్నెముకను ఎలా మందం చేసి, వెన్నుపామును ఎలా నలిపేస్తాయో హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. అక్రోమెగలీలో కూడా వెన్నుపూసలు, కీళ్లు పెరిగి నరాల దారులు ఇరుకవుతాయి. కారణం వేరైనా నడుము పట్టేయడం, కాళ్లు జివ్వుమనడం, మెట్లెక్కలేకపోవడం ఒక్కటే. హార్మోను తగ్గినా పెరిగిన ఎముక వెనక్కి పోదు. ఉబ్బిన నరం దిగుతుంది, నలిగిన చూపు తొందరగా ఆపరేషన్ చేస్తే చాలావరకు తిరిగొస్తుంది, వెన్ను మాత్రం అలాగే మిగులుతుంది. ఆలస్యం మీద నాకింత ఆగ్రహం అందుకే.

మనసు సంగతి అన్నిటికన్నా ఆలస్యంగా పట్టించుకున్నారు. నిరుత్సాహం, దిగులు, దేనిమీదా మనసు పెట్టలేకపోవడం ఈ రోగుల్లో మామూలు. రూపం మారినందుకు వచ్చే కుంగుబాటు కొంత, హార్మోను పని కొంత.

నమోదు చేసిన లెక్కలు చాలా దేశాల్లో పది లక్షల మందికి 40 నుంచి 70 మందిని చూపుతున్నాయి. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల జనాభా కలిపి 2011 లెక్కల్లోనే 15 లక్షలు దాటింది. ఆ పాళ్లలో చూసినా అరవై నుంచి నూరు మంది దాకా ఇక్కడే ఉండాలి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మెదడు ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ ఉంది. దాని పరిమితిని తెలంగాణ 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచింది. ఊళ్లో ఆశా అక్కలు ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు చూడటానికి తలుపు తడుతూనే ఉన్నారు. ఈ రెండూ అక్రోమెగలీ తెచ్చే జబ్బులే. రెండు చేతులూ తిమ్మిరెక్కుతున్న మనిషికి బీపీనో షుగరో కూడా ఉంటే మరి మూడు మాటలు అడగొచ్చు: ఉంగరం బిగుసుకుందా, చెప్పుల సైజు మారిందా, పదేళ్ల కింద దుబాయికో మస్కట్‌కో పోయేటప్పుడు తీసిన పాస్‌పోర్టు ఫొటో ఉందా. ఆ ఫొటోను ముఖం పక్కన పెట్టి చూసి అనుమానమొస్తే ఐజీఎఫ్-1 రక్తపరీక్ష రాయాలి. దానికి పరగడుపున కూడా రానక్కర్లేదు.