పటమునకు వెనుకనున్నవారు

మా సుల్తానాబాదునకు ఉత్తరమున గోదావరి ప్రవహించుచున్నదని బాలురకు పటములో చూపుదుము. ఈ దేశమును మొదట కొలిచినవారెవరో చెప్పము. 1802లో లాంబ్టన్ దొర చెన్నపట్టణమున ఆ పని నారంభించెను. నేలపై నొక భుజమును గొలుసుతో కొలిచి, కొండకొమ్ములనుండి కోణములు చూచి, తక్కిన భుజములను గణించుట ఆ పద్ధతి. 1819లో అతని సహాయకుడు జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడిమి నైజాము అడవులలో ప్రవేశించెను. చూపునకడ్డమైన చెట్లను నఱికి, శిఖరములపై జెండాలు నిలిపినవారు కూలివాండ్రు, ఖలాసులు. వానకాలపు అడవిజ్వరము దొరను, పరివారమును పడవేసెను, కొందఱు మరణించిరి. ఎవరెస్టు 1820లో ఆరోగ్యముకొఱకు ఆఫ్రికా దక్షిణమందలి కేపు సీమకు పోయెను. 1865లో హిమాలయములందలి అత్యున్నత శిఖరమునకు అతని పేరు పెట్టిరి. మన అడవిలో మడిసినవారి పేరు ఒక గుట్టకైనను లేదు. చదువరులారా, ఇంట బిడ్డలకు పటము విప్పి చూపునపుడు, కోణము చూచిన దొరతోపాటు చెట్టు నఱికిన కూలివానినిగూడ తలంపుడు.