టయోటా 2000జీటీ, జాగ్వార్ ఈ-టైప్

పొడవాటి ముక్కు, కురచ వెనకభాగం చూసి, 1967లో ఉత్పత్తి మొదలైన జపాన్ కారు టయోటా 2000జీటీని 1961 నాటి బ్రిటిష్ జాగ్వార్ ఈ-టైప్‌కు నకలని కొట్టిపారేసేవారున్నారు. రూపంలో పోలిక నిజమే. మొదట్లో రెండింటిదీ ఆరు సిలిండర్ల ఇంజినే. బానెట్ ఎత్తితే మాత్రం ఆ వాదన నిలవదు. జాగ్వార్‌లో ఇంజిన్‌ను మోసేది రేసు కార్ల నుంచి వచ్చిన గొట్టాల చట్రం. టయోటాలో కారు నడుమ సాగే వెన్నెముక చట్రం, యమహా తీర్చిదిద్దిన 2 లీటర్ల ఇంజిన్. సంగీత వాద్యాలు చేసే యమహా చెక్కపని నైపుణ్యం డ్యాష్‌బోర్డు మీద కళ్లకు కడుతుంది.

2013 వేలంలో ఒక 2000జీటీ ధర 10 లక్షల డాలర్లు దాటింది. అరుదు కాబట్టే దానికంత ధర అనడం సగమే సబబు. ఈ-టైప్‌లు 70 వేలకు పైగా తయారైతే 2000జీటీలు 351 మాత్రమే. కానీ ఉత్పత్తి మొదలవకముందే, 1966లో యతబే ట్రాక్‌పై 78 గంటల పరుగులో అది నెలకొల్పిన అంతర్జాతీయ రికార్డులు అరుదుతనం వల్ల వచ్చినవి కావు.