రంగం రేవులో ఒక నిమిషం

మా నాయనమ్మ ఎన్నడూ రంగూన్ అనలేదు. "రంగం" అనేది. కోస్తా జిల్లాల పాతతరం వాళ్ళందరికీ అది రంగమే. రంగం వెళ్ళొచ్చినవాడంటే చేతికి గడియారం, ఇంట్లో బర్మా టేకు పెట్టె, ఊళ్ళో ఓ మాట చెల్లుబడి. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళు కనుక బర్మావాళ్ళు మనవాళ్ళని "కొరంగీ"లన్నారు. పోను పోను ఆ మాట తిట్టుగా కూడా మారింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు.

వాళ్ళలో మా తాతయ్య ఒకడు. 1942 జనవరిలో నాయనమ్మనీ, రెండేళ్ళ మా నాన్ననీ ఓడ ఎక్కించి, "మేస్త్రీ దగ్గర రావలసిన డబ్బు తీసుకుని వెనకాలే వస్తా"నన్నాట్ట. రాలేదు. ఉత్తరం రాలేదు, కబురు రాలేదు. ఆయన ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు.

అందుకే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, మేరీలాండ్‌లో కాలేజ్ పార్క్‌లో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. లోపలికి పెన్ను తీసుకెళ్ళనివ్వరు, పెన్సిలే. నేనేం వెతుకుతున్నానో మా ఆవిడకి కూడా మొదట చెప్పలేదు. పిచ్చి అనుకుంటుందని.

ఇది చదివే పిల్లల కోసం ఒక మాట. టీవీ ఇంటింటికీ రాకముందు, ప్రపంచం కదులుతూ కనిపించింది సినిమా హాల్లోనే. అసలు సినిమాకి ముందు ఓ పది నిమిషాల న్యూస్ రీల్. అమెరికాలో యూనివర్సల్, పారమౌంట్, పాథే, ఫాక్స్ మూవీటోన్, న్యూస్ ఆఫ్ ది డే అని ఐదు కంపెనీలు వారానికి రెండుసార్లు కొత్త రీళ్ళు పంపేవి. మన దేశంలో 1943లో బ్రిటిష్ ప్రభుత్వం 'ఇండియన్ న్యూస్ పరేడ్' మొదలుపెట్టింది. తెలుగులో కూడా వచ్చేది. చూపించి తీరాలని హాళ్ళకి చట్టం పెట్టారు. 1948లో ఫిలిమ్స్ డివిజన్ వచ్చాక కూడా ఆ ఆనవాయితీ పోలేదు. "న్యూస్ రీల్ అయ్యాక లోపలికెళ్దాంలే" అని బయట సోడా తాగుతూ నిలబడినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా గంటలకొద్దీ అవే చూస్తున్నాను.

నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి, వీటిని ధ్వని ఆపేసి చూడాలి. యుద్ధరంగంలో కెమెరామన్ చేతిలో ఉండేది ఐమో అనే చిన్న కెమెరా. గడియారానికిచ్చినట్టు కీ ఇవ్వాలి. అందులో పట్టేది వంద అడుగుల ఫిల్ము, అంటే ఒక నిమిషం చిల్లర. శబ్దం రికార్డు కాదు. మనం వినే బాంబుల మోత, బ్యాండు, ఆ గంభీరమైన గొంతు అన్నీ తర్వాత స్టూడియోలో అతికించినవే. సెన్సారు వాళ్ళు చూసి వదిలిందే మిగిలేది. గొంతు మనల్ని తెర మధ్యలోకి చూడమంటుంది. నేను అంచులు చూస్తాను.

ఇక్కడి రీళ్ళలో అమెరికా జీవితం చూస్తుంటే భలే ముచ్చటేస్తుంది. 1942 ఫిబ్రవరిలో మామూలు జనానికి కార్ల తయారీ ఆగిపోవడం, మే నెలలో పంచదారకి రేషన్, పిల్లలు తోపుడు బళ్ళమీద పాత ఇనుము పోగేసుకెళ్ళడం. ఓడల కార్ఖానాల్లో ఆడవాళ్ళు వెల్డింగ్ చేస్తూ కెమెరా వైపు తిరిగి నవ్వుతారు. నల్లజాతివాళ్ళు మాత్రం చాలా అరుదుగా కనిపిస్తారు. వాళ్ళ ప్రేక్షకుల కోసం 1942లో 'ఆల్ అమెరికన్ న్యూస్' అని వేరే రీలే పుట్టవలసి వచ్చింది. అస్సాం నుంచి బర్మా మీదుగా చైనాకి వేసిన స్టిల్‌వెల్ రోడ్డు మీద చెమటోడ్చిన అమెరికన్ సైనికుల్లో సగానికి పైగా వాళ్ళే.

ఇక రంగం. 1941లో చైనాకి అమెరికా పంపిన లారీలు, తుపాకులు దిగింది ఆ రేవులోనే. అక్కణ్ణించి బర్మా రోడ్డు మీదుగా చైనా వెళ్ళేవి. కనుక అమెరికా కెమెరాలకి ఆ రేవు అవసరమైంది. ఓ మధ్యాహ్నం నేను చూస్తున్న రీల్లో ఓడ, దాని పక్కన పెట్టెల గుట్ట, టోపీ పెట్టుకున్న దొర. గొంతు దొర గురించి చెబుతోంది. దొర వెనక, తెర అంచున, తలగుడ్డలు చుట్టుకుని, మోకాళ్ళ పైకి పంచె బిగించిన ఏడుగురు మనుషులు బరువులతో వరసగా దాటారు. నాలుగు సెకన్లు. మా ఊళ్ళో ధాన్యం బస్తా మోసేటప్పుడు మనిషి మోకాలు ఎలా వంచుతాడో, ఎడమచెయ్యి నడుం మీద ఎలా పెట్టుకుంటాడో నాకు తెలుసు. అదే నడక. రీలు పదకొండుసార్లు వెనక్కి తిప్పాను. ముఖాలు నీడలో ఉన్నాయి.

1941 డిసెంబరు 23న, మళ్ళీ క్రిస్మస్ రోజున, జపాన్ విమానాలు రంగూన్ మీద పడ్డాయి. మొదటి రోజే సుమారు 2,000 మంది పోయారంటారు. రేవు కూలీలు పారిపోయారు. ఆ ఆకాశంలో పోరాడిన అమెరికన్ 'ఫ్లయింగ్ టైగర్స్' మీద రీళ్ళకి కొదవ లేదు. కింద నుంచి బయల్దేరిన సుమారు 5 లక్షల మంది భారతీయులు మాత్రం నేను చూసిన వాటిలో ఎక్కడా లేరు. ఓడ దొరికినవాళ్ళు ఓడలో, మిగిలినవాళ్ళు అరకాన్ దారిలోనో, తమూ మీదుగా మణిపూర్‌కో కాలినడకన వచ్చారు. ఎన్ని వేలమంది దారిలో రాలిపోయారో సరైన లెక్కే లేదు. 1942 మార్చి 8న నగరం జపాన్ చేతికి చిక్కింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. "రంగంలో తప్పించుకుంటే కాకినాడకొచ్చారు ముండాకొడుకులు" అనేది నాయనమ్మ.

కెమెరా మళ్ళీ వెళ్ళింది 1945 మేలో. ష్వేడగాన్ పగోడా, జెండాలు, చేతులూపే జనం. రేవు మొండిగోడలు.

చూడలేనివి ఇంకెన్నో ఉన్నాయి. 1978 డిసెంబరు 7న, పెర్ల్ హార్బర్ రోజునే, ఇక్కడికి దగ్గర్లో సూట్‌లాండ్‌లో మంటలు లేచి 1 కోటి 26 లక్షల అడుగుల యూనివర్సల్ ఫిల్ము కాలిపోయింది. నైట్రేటు ఫిల్ము, అంటుకుంటే ఆర్పడం కష్టం. మిగిలినవాటిలో చాలా ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. బ్రిటిష్ పాథే 2014లో 85,000 చిత్రాలు యూట్యూబ్‌లో పెట్టేసింది.

ఆ నాలుగు సెకన్లు ఫోన్‌లో ఎక్కించుకుని కాకినాడ వెళ్ళి నాన్నకి చూపించాను. కళ్ళద్దాలు తెప్పించుకున్నారు. రెండుసార్లు చూశారు. ఎవరని అడగలేదు. "ఆ ఓడ పేరేమిటి రా?" అన్నారు. అక్షరాలు సగమే కనిపిస్తున్నాయి, మసగ్గా. ఇంకా స్పష్టమైన కాపీ కోసం డబ్బు కట్టి వచ్చాను. అది వస్తే సభలకి తెస్తాను. మీ ఇంట్లోనూ రంగం పెట్టె ఉంటే వచ్చి నా పక్కన కూర్చోండి. పేరు చదవగలరేమో చూద్దురుగాని.