దవడనొప్పియు సూదివైద్యమును



చల్లపల్లికి అనతిదూరమున, బందరుకోట చెంత, డచ్చి వర్తకుల సమాధులు నేటికిని కలవు. 17వ శతాబ్ది ప్రారంభమున వారు ఆ రేవున కోఠీ నెలకొల్పిరి. మన తీరపు అద్దకపు వస్త్రములు వారి ఓడలపై బటేవియాకును, అచటినుండి జపాను దేశమందలి దెషిమా దీవికిని పోవుచుండెడివి. ఆ కుంఫిణీ కొలువులోని వైద్యుడు విలెం టెన్ రైన్ అనువాడు 1674 మొదలు 1676 వఱకు దెషిమాలో నుండి, అచటి వైద్యులు సన్నని సూదులను దేహమున గ్రుచ్చి నొప్పులను మాన్పు పద్ధతిని తెలిసికొనెను. 1683లో లండనున అచ్చయిన తన లాటిను గ్రంథమున దానికి ఆక్యుపంక్చరు అను పేరు నిలిపెను. చీనాలో పుట్టి జపాను చేరిన ఆ ప్రాచీనవిద్య ఐరోపా వైద్యులకు వివరముగ తెలిసినది ఆ గ్రంథముతోనే. బందరు వస్త్రములు పోయిన త్రోవనే ఆ వార్త వచ్చినది గాని, మన రేవున దిగలేదు.

సూది యనగానే మనవారు మందెక్కించు సూదినే తలతురు. ఇందు మందేమియు లేదు. వెండ్రుకవంటి సూదియే మందు.

ఈ విద్య మనదేయనియు, సుశ్రుతసంహితనుండియే చీనాకు పోయినదనియు వాదించువారు కలరు. నేనును శాస్త్రములను గురుముఖమున చదివినవాడనే. అయినను ఈ వాదమునకు తల యూపజాలను. సుశ్రుతుడు చెప్పిన సిరావ్యధము దుష్టరక్తమును వెడలించుటకు ఉద్దేశింపబడినది. ఇక మర్మములందురా, ఆయన లెక్కించిన 107 మర్మములు శస్త్రము తాకకుండ కాపాడుకొనవలసినవి. చెవి వెనుక, క్రిందివైపున నుండు విధుర మర్మమునకు దెబ్బ తగిలినచో చెవుడు కలుగునని హెచ్చరించెను. చీనావారో, దానికి చేరువనే, పండ్లు బిగించినపుడు దవడపై ఉబుకు కండరమున జియాచె అను స్థానమును గుర్తించి, సూది అచటనే గ్రుచ్చుమనిరి. లేని తండ్రిని కల్పించి ఒక విద్యకు మన గోత్రము చెప్పుట పాండిత్యము గాదు.

మనకు ఉన్నది చెప్పుకొందము. నోరు తెఱచుకొని మూతపడని రోగికి దవడలకు స్వేదము పట్టించి, బొటనవ్రేళ్లతో అదిమి, చూపుడువ్రేళ్లతో గడ్డమును పైకెత్తుమని చరకసంహిత విధించినది. కీలు తప్పిన దవడను నేటి వైద్యులును ఇంచుమించు ఇట్లే సరిచేయుదురు.

అయితే నెలల తరబడి పీడించు దవడనొప్పి వేఱు. కీలు తన చోటనే యుండును. నమలు కండరమే పట్టుకొని, నొక్కినంతనే నొచ్చును. నిద్రలో పండ్లు కొఱుకుట, దిగులుతో దవడ బిగించుకొనుట దీనికి తోడ్పడును. దీనికి సూదివైద్యులు చెంపకండరముననే గాక, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ, హేగు అను స్థానమునను గ్రుచ్చుదురు. దవడ నొచ్చిన చేతికి చికిత్సయా యని నవ్వనక్కఱలేదు, పరీక్షించి చూడవలెను.

పరీక్షించిరి కూడ. స్వీడను దేశమున లిస్ట్, హెల్కిమో అనువారు సూదులను, పండ్లకు తొడుగు అచ్చులను పోల్చి చూచి, చికిత్స పొందనివారికంటె ఈ రెండు తెగలవారికిని మేలు కలిగినదని 1992లో ప్రకటించిరి. 2002లో కాలిఫోర్నియా పరిశోధకులు 18 మందిని తీసికొని, కొందరికి చెప్పిన స్థానములందును, కొందరికి స్థానములు గాని చోట్లను సూదులు ప్రయోగించిరి. రెండు తెగలవారికిని నొప్పి తగ్గినది, భేదము కనబడలేదు. స్థానముల పటమును కంఠస్థము చేసినవారికి ఇది రుచింపదు. 18 మందితో తేలు విషయమును గాదు. కాని నొప్పి తగ్గుటయు, పటము నిజమగుటయు రెండు వేఱు ప్రశ్నలని ఇందువలన తెలిసినది.

మన దేశమునకు ఈ విద్య వేఱొక దారిన వచ్చినది. 1938లో చీనాకు తరలిన అయిదుగురు భారతీయ వైద్యులలో కోట్నీసు పేరు అందరెఱుగుదురు. వారిలో బిజయకుమార బసువు తరువాత మరల చీనాకు పోయి దీనిని అభ్యసించి, కలకత్తాలో ఆరంభించెను.

మన పల్లెలలో దవడ పట్టినచో ఇసుకమూటతో కాపడము పెట్టుదురు. అది మంచిదే, స్వేదమే గదా. ఎఱ్ఱగ కాల్చి వాతలు పెట్టుట మాత్రము మానవలెను. సూదివైద్యమును కోరువారు శిక్షణ పొందినవానియొద్ద, ఒక్కమారు వాడి పాఱవేయు సూదులతోనే చేయించుకొనవలెను. గాయమైన కొలదిదినములకు దవడ బిగిసి నోరు తెఱువరానిచో అది ధనుర్వాతము కావచ్చును. అట్టివానికి కాపడమును వలదు, ఈ సూదియు వలదు; ఆ గడియనే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను.