సేఫ్టీ వాల్వ్ చరిత్ర: పెపాన్ నుండి రామ్స్‌బాటమ్ వరకు

మీ ఇంట్లోని ప్రెషర్ కుక్కర్ మూత మీద పెట్టే బరువును ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. లోపలి ఆవిరి పీడనం ఒక పరిమితి దాటగానే అది పైకి లేచి కొంత ఆవిరిని వదులుతుంది, పీడనం తగ్గాక మళ్ళీ తన స్థానంలో కూర్చుంటుంది. దీని మూలం 17వ శతాబ్దంలో ఉంది.

ఫ్రాన్స్‌లో జన్మించి, లండన్‌లో రాబర్ట్ బాయిల్ వద్ద పనిచేసిన డెనిస్ పెపాన్ 1679లో ఎముకలను సైతం మెత్తగా ఉడికించే పాత్రను రాయల్ సొసైటీకి చూపాడు. దాని పేరు 'డైజెస్టర్'. బిగించిన పాత్ర పగలకుండా ఉండేందుకు అతడు మూతకు రంధ్రం చేసి, దానిని మూసే బిళ్ళను ఒక మీటతో నొక్కి ఉంచి, మీట చివర బరువు వేలాడదీశాడు. గుండును కోల మీద జరుపుతూ తూచే త్రాసును మీరు చూసి ఉంటే ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. బరువును దూరంగా జరిపితే వాల్వ్ తెరుచుకునే పీడనం పెరుగుతుంది, దగ్గరకు జరిపితే తగ్గుతుంది. రంధ్రం వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు, బిళ్ళపై పడే భారం 6 కిలోలు అనుకోండి. చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు దాటితే వాల్వ్ లేస్తుంది.

అయితే, ఇంత సులువుగా అమర్చగలిగిన దానిని అంతే సులువుగా చెడగొట్టవచ్చు. జేమ్స్ వాట్ తక్కువ పీడనానికే కట్టుబడి ఉండగా, రిచర్డ్ ట్రెవితిక్ అధిక పీడన యంత్రాలు నిర్మించాడు. 1803 సెప్టెంబరు 8న గ్రీనిచ్‌లో అతని బాయిలర్ ఒకటి పేలి నలుగురు మరణించారు. యంత్రాన్ని కనిపెట్టుకొని ఉండవలసిన కుర్రవాడు ఈల్ చేపలు పట్టడానికి వెళ్ళాడు. వాల్వ్ లేవకుండా బిగించి ఉంది. వాట్ పక్షంవారు ఈ ప్రమాదాన్ని అధిక పీడనానికి వ్యతిరేకంగా బాగా వాడుకున్నారు. ట్రెవితిక్ మాత్రం రెండవ వాల్వ్‌నూ, నీటిమట్టం పడిపోతే కరిగిపోయే సీసపు బిరడానూ చేర్చాడు.

1831 జూన్‌లో అమెరికాలో 'బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్లెస్టన్' అనే రైలింజన్ పేలింది. ఆవిరి బుసకు విసుగు చెందిన ఫైర్‌మన్ వాల్వ్‌ను మూసి ఉంచాడని చెబుతారు. దీనిని కేవలం అజ్ఞానమని కొట్టిపారేయకండి. బయటికి పోయే ఆవిరి అంటే వృథా అయిన ఇంధనం, తగ్గిన వేగం. పని చేయించేవారికి కావలసింది వేగం. అందుచేత వాల్వ్‌ను అణచిపెట్టాలనే కోరిక ఆ పనిలోనే ఉందని నా అభిప్రాయం.

ఈ సమస్యకు ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ 1855లో చక్కని పరిష్కారం చూపాడు. పక్కపక్కనే రెండు వాల్వులు, రెంటినీ కలుపుతూ ఒక మీట, మధ్యలో దానిని కిందికి లాగే స్ప్రింగు. మీట చివరను పైకెత్తినా, కిందికి నొక్కినా ఏదో ఒక వాల్వ్ మీద భారం తగ్గుతుందే తప్ప రెండింటినీ ఒకేసారి బిగించడం కుదరదు.

మన దేశంలో 1863లో కలకత్తాలో జరిగిన బాయిలర్ పేలుడు తరువాత 1864లో బెంగాల్‌లో చట్టం వచ్చింది. 1923 నాటి భారత బాయిలర్ల చట్టం సేఫ్టీ వాల్వ్‌ను పనిచేయకుండా చేయడాన్ని శిక్షార్హమైన నేరంగా పేర్కొన్నది.

నేడు పంక్చర్ షాపులోని గాలి ట్యాంకు మీద చిన్న ఇత్తడి వాల్వ్ కనిపిస్తుంది. లోపల బరువుకు బదులు స్ప్రింగు ఉంటుంది. దాని కొనకున్న రింగును లాగితే బిళ్ళ తుప్పుపట్టి అతుక్కుపోలేదని తెలుస్తుంది, అంతే. అది ఎంత పీడనం వద్ద లేస్తుందో తెలియాలంటే వాల్వ్‌ను పరీక్ష బల్లకు బిగించి, సరిచూసిన గేజిని గమనిస్తూ పీడనాన్ని నెమ్మదిగా పెంచాలి. సరైన చోట లేచేలా స్ప్రింగును అమర్చాక లాక్‌నట్ బిగించి, తీగతో సీసపు ముద్ర వేస్తారు. ఆ తీగ తెగి ఉంటే, పరీక్ష తరువాత ఎవరో స్ప్రింగును ముట్టుకొని ఉండవచ్చు. ఆ వాల్వ్‌ను మళ్ళీ బల్ల మీదికి ఎక్కించవలసిందే.